మట్టికి మెరుగు దిద్దిన బెర్నార్డ్ పాలిసీ

హైదరాబాదు పాతబస్తీలోని బాద్షాహీ అషూర్‌ఖానాను చూచినవారు మన విద్యార్థులలో అనేకులుంటారు. ముహమ్మద్ కులీ కుతుబ్ షా కాలంలో, 1590ల దశకంలో నిర్మితమైన ఆ మందిరపు గోడలపై గాజుపూత పూసిన పలకలు నేటికీ నీలము, ఆకుపచ్చ, పసుపు వన్నెలతో తళతళలాడుతూ ఉంటాయి. 1908 నాటి మూసీ వరద కొంత భాగాన్ని పాడుచేసినా, మిగిలిన పలకల కాంతి తగ్గలేదు. ఆ అందాన్ని చూచి ఆనందించేవారు చాలామంది. ఆ రంగు మట్టిని ఎట్లా అంటిపెట్టుకొన్నది, నిప్పులో పడి మాడిపోక మరింత ప్రకాశించడానికి కారణమేమి అని ప్రశ్నించేవారు మాత్రం అరుదు. ఆ ప్రశ్ననే తన జీవితంగా చేసుకొన్న ఒక ఫ్రెంచి కుమ్మరి కథను ఈ సంచికలో పాఠకుల ముందుంచుతున్నాము. ఆయన పేరు బెర్నార్డ్ పాలిసీ. అషూర్‌ఖానా గోడలు లేవడానికి కొద్ది యేండ్ల ముందే ఆయన దూరదేశంలో, చెరసాలలో కన్నుమూశాడు.

ఇంగ్లండులో సామ్యూల్ స్మైల్స్ 1859లో ప్రచురించిన ‘సెల్ఫ్ హెల్ప్’ అనే గ్రంథం పాలిసీ పేరును లోకమంతటా చాటింది. కట్టెలు చాలక ఇంట్లోని బల్లలను, నేలమీది చెక్కలను కొలిమిలో వేసి కాల్చిన పట్టుదల గలవాడుగానే చాలామంది ఆయనను ఎరుగుదురు. ఆ సంఘటన నిజమే. కాని కథను అక్కడ ఆపివేయడం ఆయనకు న్యాయం చేయడం కాదని మా అభిప్రాయము. పట్టుదల ఒక్కటే ఆయనను గొప్పవానిని చేసి ఉంటే, ఆ బల్లలు కాలిన రాత్రితోనే ఆయన కష్టాలు తీరిపోయి ఉండవలసినది. అవి తీరలేదు. అసలు విద్య ఆ తరువాతనే ప్రారంభమైనది.

పాలిసీ 1510 ప్రాంతంలో నైరుతి ఫ్రాన్సులోని ఆజెన్ పరిసరాలలో జన్మించాడు. ఆయన మొదట నేర్చిన వృత్తి కిటికీ అద్దాలపై రంగుల చిత్రాలు వేయడం. గ్రీకు, లాటిన్ భాషలు ఆయనకు రావు. యౌవనంలో దేశాటనం చేస్తూ రాళ్ళను, మట్టిని, ఊటలను, అడవులను కన్నులారా పరిశీలించాడు. భూమిని కొలిచి పటాలు గీయడం కూడా నేర్చుకొన్నాడు. చివరకు సాంతోంజ్ ప్రాంతంలోని సాంత్ పట్టణంలో భార్యాబిడ్డలతో స్థిరపడ్డాడు.

1540 ప్రాంతంలో ఒకనాడు ఎవరో ఆయనకు ఒక మట్టి గిన్నెను చూపారు. దానిపై ఉన్న తెల్లని మెరుగు ఆయన మనస్సును హరించింది. అటువంటి పూతను తానూ చేయగలిగితే కుటుంబానికి లోటుండదని ఆయన తలచాడు. ఆ గిన్నె ఎక్కడిదో ఆయన తెలుపలేదు. అయితే ఆ తెల్లని పూత విద్య ఎక్కడినుండి బయలుదేరినదో మనకు తెలుసు. 9వ శతాబ్దంలో ఇరాకు దేశపు బస్రా కుమ్మరులు సీసపు పూతలో తగరపు భస్మం కలిపి, చీనా పాత్రలవలె తెల్లనైన పాత్రలను తయారుచేశారు. ఆ నేర్పు ముస్లిం పనివారి చేతులమీదుగా స్పెయిన్ చేరి, అక్కడినుండి ఇటలీకి, పిదప ఫ్రాన్సుకు ప్రాకింది. తెలిసినవారు దానిని రహస్యంగా దాచుకొన్నారు. పాలిసీకి చెప్పేవారు లేరు. మట్టిపని సైతం ఆయనకు తెలియదు. చీకటిలో తడుముకొంటూ నడిచినట్లే ఆయన పని ఆరంభమైనది.

ఈ పూతను వృత్తిలో గ్లేజు అంటారు. ఇసుక, దానిని కరిగించే సీసము లేదా క్షారము, రంగునిచ్చే లోహభస్మము, ఈ మూటిని మెత్తగా నూరి నీటిలో కలిపి, పాత్రపై పూసి ఆవంలో కాలుస్తారు. వేడికి అది కరిగి గాజువలె పాత్రను అంటుకొంటుంది. రాగి ఆకుపచ్చను, కోబాల్టు నీలాన్ని, ఇనుము పసుపు, గోధుమ వన్నెలను, మాంగనీసు ఊదా వన్నెను ఇస్తాయి. తగరము పూతను తెల్లగా చేసి, లోపలి మట్టి కనబడకుండా కప్పుతుంది. చెప్పడానికి ఇంతే. కాని పూసేటప్పుడు ఇది బురదవలె ఉంటుంది. ఏ రంగు వస్తుందో, ఎంత వేడికి కరుగుతుందో కంటికి కనబడదు. నిప్పు చెప్పవలసినదే.

పాలిసీ మట్టికుండలను కొని పగులగొట్టి, ఒక్కొక్క పెంకుకు ఒక్కొక్క గుర్తు పెట్టి, ఏ పెంకుపై ఏ మిశ్రమం పూసినాడో వ్రాసుకొన్నాడు. తన కొలిమి చాలకపోగా, వందలకొలది పెంకులను ఊరి వెలుపల కుమ్మరుల ఆవాలకు పంపాడు. అక్కడి వేడికి పూత కరగలేదు. కొన్నాళ్ళు చేతిలో డబ్బు లేక పని నిలిచిపోయింది. 1543లో ఉప్పు పన్ను విధించడానికై సాంతోంజ్ ఉప్పుమళ్ళను కొలిపించినప్పుడు, ఆ పని ఆయనకు దక్కి నాలుగు డబ్బులు చేతికి వచ్చాయి. మళ్ళీ కుండలు కొన్నాడు. ఈసారి గాజు చేసేవారి కొలిమికి పెంకులను మోశాడు. అక్కడి వేడికి కొన్ని కరగనారంభించాయి. మరి రెండేండ్లు ఇట్లే గడిచాయి. చివరి ప్రయత్నమని నిశ్చయించుకొని మూడు వందలకు పైగా మిశ్రమాలను కొలిమిలో ఉంచగా, అందులో ఒకే ఒక పెంకు నాలుగు గంటలలో కరిగి, చల్లారిన తరువాత తెల్లగా నున్నగా మెరిసింది. ఆనాడు ఆయన తాను కొత్త మనిషినైనట్లు పొంగిపోయాడు.

ఆ ఆనందం ఎక్కువ కాలం నిలువలేదు. గాజు కొలిమివంటిదానిని తానే ఇంట్లో కట్టుకొన్నాడు. ఇటుకలు మోయడానికి, నీరు తోడడానికి కూలివానికి ఇచ్చే స్తోమత లేక, అన్నీ తానే చేశాడు. పాత్రలు చేయడానికి ఏడెనిమిది నెలలు, ద్రవ్యాలు నూరడానికి నెలకు పైగా పట్టింది. ఆరు పగళ్ళు, ఆరు రాత్రులు మంట వేసినా పూత కరగలేదు. కరిగించే ద్రవ్యం తక్కువైనదని తలచి, మంట చల్లారనీయకుండానే మరల నూరి, కొత్త కుండలు తెచ్చి పూశాడు. అప్పుడు కట్టెలు అయిపోయాయి. తోటలోని పందిరి గుంజలు, పిదప బల్లలు, నేలచెక్కలు కొలిమిపాలైనవి. ఊరివారు ఆయనకు పిచ్చిపట్టినదన్నారు. దొంగనాణేలు పోతపోస్తున్నాడని కొందరు పుకారు పుట్టించారు.

ఆయన భార్య తనను నిందించినదని పాలిసీ వ్రాసుకొన్నాడు. ఆమె నిందను అవివేకమని చాలామంది చరిత్రకారులు తేలికగా త్రోసివేశారు. మేము అట్లా తలపలేము. కాలిన నేల ఆమె ఇంటి నేల. పస్తున్న బిడ్డలు ఆమె బిడ్డలు. భర్త విజయంలో ఆమె చెల్లించిన మూల్యం ఏ పాత్రపైనా కనబడదు. ఆ మాటను దాచక వ్రాయడం పాలిసీ నిజాయితీకి నిదర్శనము.

తరువాత ఆయన ఒక కుమ్మరిని ఆరునెలలు పనికి పెట్టుకొన్నాడు. జీతమివ్వలేక తన బట్టలిచ్చి సాగనంపాడు. మరియొక కొలిమి కట్టాడు. ఈసారి పూత చక్కగా కరిగింది. కాని కొలిమి గోడల సున్నపుపనిలో చెకుముకి రాళ్ళుండగా, అవి వేడికి పగిలి, కరిగిన పూతపై చిట్లిపడి అతుక్కుపోయాయి. చేయి తగిలితే కోసుకొనే పదునైన ముక్కలు పాత్రలనిండా నిలిచాయి. అప్పులవాళ్ళు వాకిట కాచుకొని ఉన్నారు. చవకకైనా కొంటామన్నవారున్నారు. తన పేరుకు మచ్చ వస్తుందని ఆయన ఆ పాత్రలన్నింటిని ముక్కలు చేసి, దుఃఖంతో మంచం పట్టాడు. మరియొకసారి మంటతో లేచిన బూడిద పూతను గరుకు చేసింది. అందుకు విరుగుడుగా పాత్రలను మట్టి పెట్టెలలో మూసి కాల్చడం కనిపెట్టాడు.

ఇంతలో ఆయన దృష్టి తెల్లని నున్నని గిన్నెలనుండి మరలింది. పళ్ళెములపై బల్లులు, పాములు, కప్పలు, చేపలు, రొయ్యలు, నత్తగుల్లలు, ఆకులు ఉబ్బెత్తుగా నిలిచి, సజీవంగా కనబడవలెనని ఆయన సంకల్పించాడు. నిజమైన జీవుల శరీరాలనుండి అచ్చులు తీసి, పొలుసు పొలుసును మట్టిలో దింపాడు. ఇక్కడ గ్లేజును ఎన్నుకొనడం అన్నింటికంటె కఠినమైన పరీక్ష అయినది. గరుకుతలంపై కరిగిన పూత మిట్టలనుండి జారి పల్లములలో నిలుస్తుంది. పలుచనైతే మిట్టలు వెలవెలబోతాయి. చిక్కనైతే పొలుసులన్నీ పూడిపోయి బల్లి సబ్బుముక్కవలె కనబడుతుంది. తగరం కలిసిన తెల్లపూత లోపలి పనితనాన్ని కప్పివేస్తుంది. పారదర్శకమైన సీసపు పూతలో రంగు కలిపితే, పల్లములలో చిక్కగా, మిట్టలపై పలుచగా నిలిచి, రంగే ప్రతి గీతను ఎత్తిచూపుతుంది. అందుచేతనే ఆయన ఈ పాత్రలకు ప్రధానంగా రంగుల సీసపు పూతలను ఎన్నుకొన్నాడు.

అయినా మరియొక చిక్కు మిగిలింది. పళ్ళెము ఒక్కటే, మంట ఒక్కటే. కాని ఒక్కొక్క రంగు ఒక్కొక్క వేడికి కరుగుతుంది. పాము వన్నె కరిగేసరికి బల్లి ఆకుపచ్చ మాడిపోయేది. తెలుపు తేరకముందే రొయ్య, తాబేలు, ఎండ్రకాయల వన్నెలు కరిగి చెడేవి. ఒక్కొక్క రంగును విడిగా సాధించినవాడు, వాటినన్నింటిని ఒకే నిప్పులో ఒకేసారి పక్వానికి తేవడమెట్లాగో మళ్ళీ మొదటినుండి నేర్చుకోవలసివచ్చింది. ఒక పూతలో కరిగించే ద్రవ్యం పెంచి, మరియొకదానిలో తగ్గించి, వాటిని పొత్తు కుదిర్చాడు. మొదటినుండి చివరివరకు ఈ తపస్సుకు పదిహేను, పదహారేండ్లు పట్టింది. బల్లలు తగులబెట్టడానికి తెగువ చాలును; ఇందుకు ఓర్పుతో కూడిన బుద్ధి కావలెను.

1550ల దశకంలో ఫ్రెంచి ప్రభువు ఆన్ ద మోంమొరాన్సీ ఆయన పనికి ముగ్ధుడై, మట్టిశిల్పాలతో ఒక కృత్రిమ గుహను నిర్మించవలసినదిగా కోరాడు. అంతలో మతకలహాలు చెలరేగాయి. కాథలిక్ రాజ్యంలో పాలిసీ ప్రొటెస్టెంటు అల్పసంఖ్యాక వర్గానికి చెందినవాడు. 1562, 63 ప్రాంతాలలో ఆయనను బంధించి, పనిశాలను ధ్వంసం చేశారు. ఆ ప్రభువు పూనికచేతనే విముక్తి కలిగి, రాజుకు, రాజమాతకు మట్టిశిల్పకారుడన్న బిరుదు లభించింది. పిదప పారిస్ చేరి, త్విలరీ భవనం వద్ద రాజమాత కాథరిన్ ద మెదిచికై పనిచేశాడు. 1572లో వేలాది ప్రొటెస్టెంటులను ఊచకోత కోసిన సెయింట్ బార్తొలొమ్యూ సంహారంనుండి ఆయన బ్రతికి బయటపడ్డాడు.

1575నుండి ఆయన పారిస్‌లో పండితులను పిలిచి ప్రకృతిశాస్త్రంపై ఉపన్యాసాలిచ్చాడు. ప్రవేశానికి రుసుము పెట్టి, తాను చెప్పినది తప్పని నిరూపిస్తే నాలుగింతలు తిరిగి ఇస్తానని ప్రకటించాడు. ఊటలకు మూలం వాననీరేనని, కొండరాళ్ళలోని గుల్లలు ఒకప్పుడు అక్కడి నీటిలో జీవించిన ప్రాణులవేనని బోధించాడు. 1580లో ఆ విషయాలను గ్రంథంగా ప్రచురించాడు. సిద్ధాంతము, అనుభవము అనే రెండు పాత్రలు అందులో సంభాషిస్తాయి. సిద్ధాంతము అడుగుతుంది, అనుభవము నేర్పుతుంది. మట్టివిద్యకు చెందిన ప్రకరణంలో తగరము, సీసము, రాగి, ఇనుము, అంజనము మొదలైన ద్రవ్యాల పేర్లు చెప్పి, పాళ్ళు మాత్రం చెప్పలేదు. ఇది స్వార్థమని కొందరంటారు. కాని తన ఓటములను ఒక్కటీ దాచలేదు. చెకుముకి రాళ్ళు, బూడిద, మాడిన ఆకుపచ్చ, అన్నీ అందులో ఉన్నాయి. పాళ్ళు మట్టినిబట్టి, కొలిమినిబట్టి మారుతాయి. తప్పులనుండి నేర్చుకొనే తీరు మారదు.

1588లో మతం కారణంగా ఆయనను మళ్ళీ బంధించారు. ఎనుబదేండ్లకు సమీపించిన ఆ వృద్ధుడు తన విశ్వాసాన్ని విడువక, 1590లో బాస్తీల్ చెరలో మరణించాడు. 19వ శతాబ్దంలో ఆయన పాత్రలకు అనుకరణలు విరివిగా వెలువడ్డాయి. 1980ల దశకంలో పారిస్‌లోని లూవ్రు ఆవరణలో జరిగిన త్రవ్వకాలలో ఆయన పనిశాల శిథిలాలు, జీవులనుండి తీసిన అచ్చులు, పగిలిన పెంకులు బయటపడ్డాయి.

విద్యార్థి మిత్రులారా! మన ప్రయోగశాలలలో ఫలితం సరిగా రానప్పుడు ఆ పుటను చించివేసి, పొరుగువాని లెక్క దించుకొనే అలవాటు కొందరిలో ఉన్నది. ఆ చింపిన పుటయే మనకు గురువు కాదగినదని పాలిసీ జీవితం చెప్పుచున్నది. గుర్తులు వేసి వందల పెంకులు కాల్చకపోతే, ఆ ఒక్క తెల్లని పెంకు ఎందుకు తెల్లనైనదో ఆయనకే తెలిసి ఉండేది కాదు. ఇకమీదట అషూర్‌ఖానా గోడముందు నిలిచినప్పుడు ఆ నీలిపలకలను మరికొంతసేపు చూడండి. అవి పక్వానికి రాకముందు ఎన్ని పలకలు మాడిపోయినవో వ్రాసిపెట్టినవారు లేరు. ఆ పేరులేని పనివారి శ్రమను ఊహించుకొనడానికి పాలిసీ వ్రాసియుంచిన పుటలు మనకు తోడ్పడతాయని మా విశ్వాసము.