అమృతాంజనమును నాగేశ్వరరావు పంతులుగారును

పరీక్షలు సమీపించినప్పుడు దిల్‌సుఖ్‌నగరు వసతిగృహములందును, ఎల్.బి.నగరు వీధులలోని యిండ్లయందును రాత్రి చాలసేపు దీపములు వెలుగుచుండును. తలనొప్పి వచ్చిన బాలుడు పుస్తకము మూయక, ప్రక్కనున్న చిన్నసీసా మూత తీసి, పసుపుపచ్చని లేపనమును నుదుట రాచుకొనును. ఆ వాసన సోకగానే తల్లి చేయి నుదుట నానినట్లు వానికి తోచును. ఆ సీసాను మనకిచ్చిన మహనీయుని చరిత్రమును మేమిచ్చట సంగ్రహముగా చెప్పుచున్నాము.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1867వ సంవత్సరమున కృష్ణాజిల్లాలో జన్మించిరి. మచిలీపట్టణమున చదివి, 1891లో మదరాసు క్రైస్తవ కళాశాలనుండి పట్టభద్రులైరి. పిమ్మట కలకత్తాలోను, బొంబాయిలోను వర్తకుల యొద్ద పనిచేసి వ్యాపారమర్మములు గ్రహించిరి. 1893లో బొంబాయియందు అమృతాంజన సంస్థను నెలకొల్పిరి.

ఒక వస్తువును జనులు చేరదీయుటకు దాని గుణమొక్కటియే చాలదు. అది వారి మనస్సును గూడ తాకవలెను. ఈ లేపనమును పరిశీలించినచో ఆ సంగతి తెల్లమగును. అమృతము మన బాల్యమందు పెద్దలు చెప్పిన కథలలోనిది. అంజనము ప్రతి యింట నెరిగిన మాట. క్రొత్త మందునకు పాత చుట్టరికము గల పేరు దొరకెను. పసుపువన్నె మన గడపలకును, కర్పూరపు వాసన మన యిండ్లకును పరిచితములే. పిప్పరమెంటు పువ్వు చర్మమును నిజముగా చల్లబరచదు. చల్లదనమును తెలుపు నరములను మేల్కొల్పును. వాసనలు మెదడులో జ్ఞాపకములకును, భావములకును నెలవైన తావులకు మిక్కిలి సమీపమున చేరునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. కావున చిన్ననాడు తల్లి రాచిన మందు వాసన పెద్దతనమునను ఓదార్చును.

పంతులుగారు సంగీతసభలలో ఈ మందును ఉచితముగా పంచిపెట్టిరని ప్రసిద్ధి. వేయిమాటల ప్రకటనకంటె తన నుదుట తాను చూచుకొన్న అనుభవమే మనుజునకు నమ్మకము కలిగించును గదా!

అయితే పరుల మనస్సు నెరుగుట రెండంచుల కత్తివంటిది. దానితో బాధను తీర్చవచ్చును. అక్కరలేని వస్తువులను అంటగట్టి చేతి సొమ్మును కాజేయవచ్చును. నేడు దిల్‌సుఖ్‌నగరు అంగళ్లలో రంగులును, దీపములును మనలను పిలుచుచుండ, ఈ రెంటి భేదమును పిల్లలు తెలిసికొనవలసియున్నది. వస్తువు చేయువాడు మన బాధను తగ్గించుచున్నాడా, లేక క్రొత్త కొరతను పుట్టించుచున్నాడా యని ప్రశ్నించుకొనుడు. లేపనము ఉపశమనమునే యిచ్చును. మాటిమాటికి వచ్చు తలనొప్పికి వైద్యుని యొద్దకు పోవలెను. ఈ హద్దును మరువరాదు.

పంతులుగారు ఆర్జించిన ధనము పెట్టెలో నిలువలేదు. 1908లో బొంబాయినుండి ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించి, 1914లో మదరాసున దానిని దినపత్రికగా నడిపిరి. 1924లో భారతి మాసపత్రికను, 1926లో ఆంధ్ర గ్రంథమాలను ఆరంభించి, చవుకవెలకు మంచి పుస్తకములను తెనుగువారికి అందించిరి. దేశోద్ధారకుడని లోకము వారిని కొనియాడెను. 1938లో వారు కీర్తిశేషులైరి.

మీలో కొందరు రేపు యంత్రములను, మందులను, పనిముట్లను చేయుదురు. అట్టివారు మొదట ఎదుటివాని నొప్పి నెరుగుడు; ఆ యెరుకతో వానిని మోసగింపకుడు; గడించినదానిలో కొంత పదిమందికి పంచుడు. చిన్నసీసా నేర్పు పెద్దపాఠ మిదియే.