లోకనాథ భిక్షువు

ఉపాసక ఉపాసికలారా, మీరు పుట్టుకతో బౌద్ధులా అని మిమ్మల్ని ఎవరో ఒకరు అడిగే ఉంటారు. మనకి భీమడోలు నుంచి ద్వారకాతిరుమల దాటితే గుంటుపల్లి కొండమీద పాత చైత్యమైనా ఉంది. ఈయనకి అదీ లేదు.

అసలు పేరు సాల్వటోర్. 1897లో ఇటలీలో, క్యాథలిక్ ఇంట్లో పుట్టారు. చిన్నప్పుడే అమెరికా చేరి కెమిస్ట్రీ చదివారు. ధమ్మపదం చేతికొచ్చింది, మనసు మారిపోయింది. ఇంట్లో ఒప్పుకోలేదు. 1925లో బర్మాలో చీవరం ధరించారు. మన గోదావరివాళ్ళు కాకినాడలో ఓడెక్కి రంగూన్ కూలికి పోతున్న రోజులవి.

1935లో బాబాసాహెబ్ హిందువుగా చావనని యేవలాలో ప్రకటించారు కదా. మరుసటేడు జూన్‌లో ఈ భిక్షువు నేరుగా దాదర్‌లో ఆయన ఇంటికే వెళ్ళి, బౌద్ధం స్వీకరించమని కోరారు. బాబాసాహెబ్ వెంటనే సరే అనలేదు. ఇంకో ఇరవై ఏళ్ళు చదివారు, తూచారు. అడగడానికి వచ్చినవారూ చదివి మారినవారే, గుర్తుపెట్టుకోండి.

యుద్ధం వచ్చేసరికి ఇటలీవాడని బ్రిటిష్‌వాళ్ళు ఈయన్ని నిర్బంధించారు. విడుదలయ్యాక మళ్ళీ ధమ్మ ప్రచారమే. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షలమంది దీక్ష తీసుకున్ననాటికి ఆయన బతికే ఉన్నారు. 1966లో బర్మాలోనే కన్నుమూశారు.