జార్జి వాషింగ్టను జమాఖర్చుల పుస్తకము

పరధనమును చేతబట్టినవానికి రెండు పరీక్షలు కలవు. ఆ ధనము నపహరింపకుండుట మొదటిది. అపహరింపలేదని లెక్క చూపి ఋజువు చేయగలుగుట రెండవది. మొదటి పరీక్షలో నెగ్గినవారు పెక్కురు రెండవదానిలో ఓడిపోవుట మనము చూచుచునే యున్నాము. ఇంట నున్నప్పుడు లెక్క వ్రాయుట సులభము. ప్రయాణములో ఊరు మారి, నాణెము మారి, అలసట మీదపడినప్పుడు వ్రాయుట కష్టము. ఈ కష్టమైన పనిని ఎనిమిదేండ్లపాటు యుద్ధభూమిలో సాగించినవాడు అమెరికా సంయుక్త రాష్ట్రముల మొదటి అధ్యక్షుడగు జార్జి వాషింగ్టను. ఆయన పరాక్రమమును గూర్చి పాఠ్యపుస్తకములు చెప్పుచునే యున్నవి గనుక మేమిచ్చట ఆయన లెక్కల పుస్తకమును గూర్చి చెప్పదలచితిమి.

వాషింగ్టను 1732వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన వర్జీనియాలో జన్మించెను. ఆ దేశము అప్పుడు ఇంగ్లండు రాజునకు లోబడిన వలసరాజ్యము. ఆయనకు 11 ఏండ్ల ప్రాయమున తండ్రి గతించెను. సవతి అన్నలవలె ఇంగ్లండునకు పోయి చదువుకొను భాగ్యము ఆయనకు లభింపలేదు. అయినను బాల్యమున వ్రాసిన అభ్యాస పుస్తకములు నేటికిని నిలిచి యున్నవి. వానిలో గణితమును, భూమి కొలతలును, రసీదులు దస్తావేజులు మొదలగువాని నమూనాలును చక్కని దస్తూరితో వ్రాయబడినవి. 1748లో, 16 ఏండ్ల వయస్సున, భూములు కొలుచువారితో కూడి కొండలు దాటి అడవులలో సంచరించుచు, జరిగిన సంగతులను దినచర్యగా వ్రాసికొనెను.

ఇరువదియేండ్లు నిండకమునుపే ఆయన సొంత ఆవర్జా నారంభించెను. ప్రయాణములలో చిన్న పుస్తకమున రొక్కపు పద్దులు వ్రాసికొని, పిమ్మట వానిని పెద్ద పుస్తకమునకు ఎత్తుకొనుట ఆయన వాడుక. రేవు దాటించిన పడవవానికిచ్చిన కూలియు, బసలో సేవకులకిచ్చిన చిల్లరయు, చీట్లాటలో వచ్చినదియు పోయినదియు గూడ అందు కానవచ్చును. ఇంత జాగ్రత్తపరునకును ఒక పర్యాయము లెక్క తేలలేదు. చేతి నిల్వకును పద్దులకును 143 పౌనులకు పైగా వ్యత్యాసము వచ్చెను. ఆయన దానిని కప్పిపుచ్చక, పోయినదో, దొంగలెత్తికొనిరో, తానే యిచ్చి వ్రాయుట మరచితినో యని అర్థము వచ్చునట్లు ఒక పద్దు వ్రాసి ముందునకు సాగెను. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. కథాంతమున ఇది మరల అక్కరకు వచ్చును.

1775లో ఇంగ్లండు ప్రభుత్వమునకును 13 వలసరాజ్యములకును యుద్ధము ఆరంభమయ్యెను. ఫిలడెల్ఫియాలో కూడిన కాంగ్రెసు మహాసభవారు జూను 15వ తేదీన వాషింగ్టనును సర్వసేనాధిపతిగా ఎన్నుకొనిరి. జీతమునకును ఖర్చులకును కలిపి నెలకు 500 డాలర్లు ఏర్పరచిరి. మరునాడాయన పదవిని స్వీకరించుచు, జీతము తన కక్కరలేదనియు, తాను పెట్టిన ఖర్చులకు సరియైన లెక్క వ్రాసి యుంచెదననియు, దానిని మాత్రము తీర్చిన చాలుననియు తెలిపెను. ఈ మాట పలుకుటకు చిన్నది, నెరవేర్చుటకు పెద్దది. జీతగానికి నెల తిరుగగానే లెక్క ముగియును. ఖర్చులు మాత్రమే పుచ్చుకొనువాడు ప్రతి పద్దునకును జవాబుదారి యగును.

జూను 23న బయలుదేరి సుమారు 300 మైళ్లు ప్రయాణము చేసి, జూలై 2న బోస్టను నగరము చెంతనున్న కేంబ్రిడ్జి చేరెను. ఆయన లెక్కలో మొదటి పద్దు ఈ ప్రయాణమునకే సంబంధించినది. అయిదు గుర్రములను 239 పౌనులకు కొనెను. అందు రెండు అరువు మీద తెచ్చినవనియు, తన సొంత బండిని, గుర్రములను ఇంటికి తిప్పి పంపుటచే ఇవి కావలసి వచ్చినవనియు అచ్చటనే వ్రాసెను. ఏమి కొన్నది, ఎంతకు కొన్నది, ఏల కొన్నది అను మూడు సంగతులును ఒక్క పద్దులో నిమిడి యున్నవి.

ఆ కాలమున బాటసారి లెక్క వ్రాయుట ఎంత చిక్కో కొంత వివరింపవలసి యున్నది. 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌను. అయితే స్పెయిను దేశపు వెండి డాలరునకు వర్జీనియాలో 6 షిల్లింగులు, పెన్సిల్వేనియాలో ఏడున్నర షిల్లింగులు, న్యూయార్కులో 8 షిల్లింగులు వెల. ఎల్ల దాటినంతనే చేతిలోని డాలరు మారదుగాని దాని లెక్క మారిపోవును. దీనికి తోడు కాంగ్రెసువారు అచ్చువేసిన కాగితపు డాలర్ల విలువ నానాటికి పడిపోయెను. 1780 నాటికి 40 కాగితపు డాలర్లు ఒక్క వెండి డాలరునకు సమానమని ఆ సభవారే నిర్ణయింపవలసి వచ్చెను. ఇట్టి కాలమున ఖర్చు పెట్టిన తేదీయు చోటును వ్రాయనిచో, ఆ మొత్తము నిజముగా ఎంతో ఎవరును చెప్పజాలరు.

మరికొన్ని పద్దులు వేరొక విధముగా క్లిష్టమైనవి. కేంబ్రిడ్జి చేరిన నెలలోనే, బోస్టనులోనున్న శత్రువుల రహస్యములు తెలిసికొనుటకై ఒకనికి 333 డాలర్లకు పైగా ఇచ్చెను. ఆ మనుష్యుని పేరు వ్రాసిన అతని ప్రాణమునకు ముప్పు. పద్దే వ్రాయకున్న ప్రజాధనమునకు లెక్క లేదు. ఆయన మొత్తమును, కార్యమును వ్రాసి, పేరున్న చోటు ఖాళీగా విడిచి, ఏల విడిచితినో తెలిపెను. వ్రాయరానిదానిని విడిచినను, విడిచిన సంగతిని దాచలేదు.

ఆయన భార్య మార్తా ప్రతి శీతకాలమున వర్జీనియా నుండి దూరప్రయాణము చేసి దండు విడిసిన చోటికి వచ్చుచుండెడిది. ఈ ప్రయాణముల ఖర్చు మొత్తము 1,064 పౌనుల 1 షిల్లింగు అయ్యెను. ఇది సొంత ఖర్చో, ప్రభుత్వపు ఖర్చో యని ఆయన తొలుత సందేహించెను. 1775లో ఇల్లు విడిచినది మొదలు 1781 సెప్టెంబరు వరకు ఆరేండ్లకు పైగా ఆయన గడప త్రొక్కలేదు. యుద్ధకార్యములచే తాను ఇంటికి పోలేకపోవుటచేతనే ఆమె రావలసి వచ్చినదని కారణము వ్రాసి, తుదకు ఆ మొత్తమును లెక్కలో చేర్చెను. ఇది తగునా తగదా యని నేటివారు తర్కింపవచ్చును. వేరు పద్దులలో కలిపివేసి యుండినచో తర్కించుటకు మనకు అవకాశమే లేకపోయెడిది.

1783లో యుద్ధము ముగిసెను. ఆ సంవత్సరము జూలై 1 వరకు గల లెక్కలను వాషింగ్టను తన చేతితోనే శుభ్రప్రతి వ్రాసెను. మొత్తము పదునారు వేల పౌనులకు పైబడినది. డిసెంబరు నెలలో పదవిని విడిచి యింటికి పోవుచు ఫిలడెల్ఫియాలో ఆగి, ఆ పుస్తకమును ఖజానా అధికారుల కప్పగించెను. తనిఖీదారగు జేమ్సు మిల్లిగన్ పద్దులన్నియు కూడి చూచెను. ఎనిమిదేండ్ల లెక్కలో తేలిన తప్పు ఒక డాలరు కంటె తక్కువ. పెన్సిల్వేనియా వాడుకలో డాలరునకు 90 పెన్నీలు గదా; అందు 89 పాళ్లు మాత్రమే తేడా. అదియు వాషింగ్టనునకు రావలసినదే గాని ఆయన ఇయ్యవలసినది కాదు. ఆ నెల 23వ తేదీన అనాపొలిసు పట్టణమున సేనాధిపత్యమును కాంగ్రెసువారికి తిరిగి యిచ్చి, క్రిస్మసు ముందటి దినమున ఇల్లు చేరెను.

ఈ కథ నింతటితో ముగించినచో మేము సగము సత్యమునే చెప్పినవారమగుదుము. పుస్తకము చివర వాషింగ్టనే మరియొక సంగతిని వ్రాసెను. యుద్ధారంభమున ఇంటినుండి తెచ్చుకొన్న సొంత సొమ్మును, తరువాత తెప్పించుకొన్న సొమ్మును కూడి చూడగా, వ్రాసిన ఖర్చులకంటె చేజారిన ధనమే అధికముగా కానవచ్చెను. అందు స్వల్పభాగము తప్ప తక్కినదంతయు ప్రభుత్వకార్యముననే వ్యయమైనదని ఆయన కెరుకయే. తొందరలోను పనుల చిక్కులోను పద్దు వేయుట మరచి యుందునని తప్ప వేరు కారణము ఆయనకు తోచలేదు. పద్దు లేదు గనుక ఆయన అడుగలేదు. ఆ నష్టమును తానే భరించెను.

ఒకే మనుష్యుని పుస్తకములో రెండు ఫలములు ప్రక్కప్రక్కనే యున్నవి. వ్రాసిన ధనము ఒక డాలరు తేడాలేక నిలిచినది. వ్రాయని ధనము ఆయన సత్యసంధతచేత గూడ తిరిగి రాలేదు. ఆయన మాటను దేశమంతయు నమ్మెడిది. అయినను మాట పద్దునకు బదులు కాదని గ్రహించిన వివేకి యగుటచేతనే ఆయన మౌనము వహించెను.

1789లో ఆయన అధ్యక్షుడయ్యెను. అప్పుడును ఖర్చులు మాత్రమే పుచ్చుకొందునని చెప్పెనుగాని, కాంగ్రెసువారు సంవత్సరమునకు 25,000 డాలర్ల జీతము నిర్ణయించిరి. 1799 డిసెంబరు 14వ తేదీన ఆయన దివంగతుడయ్యెను. ఆయన పుస్తకములు ఆయన దోషమునకును సాక్షులు. మనుష్యులను బానిసలుగా కొన్న పద్దులు అందే కలవు. కూడికలో తప్పులేని పద్దులోను అధర్మముండవచ్చునని అవి తెలుపుచున్నవి. తన సొంతమగు 123 మంది బానిసలకును భార్య మరణానంతరము స్వేచ్ఛ నొసగవలెనని మరణశాసనమున వ్రాసెను. ఆమె తన జీవితకాలముననే, 1801 జనవరి 1న, వారిని విడుదల చేసెను.

బాలబాలికలారా, మీలో సేనాధిపతులు కాబోవువారు కొందరే. ఇంటినుండి వసతిగృహమునకు వచ్చునప్పుడు తండ్రి కష్టార్జితమును, విహారయాత్రలో తోడివారి చందాను చేతబట్టువారు అందరును. బయలుదేరునాటి నిల్వను మొదట వ్రాయుడు. పరుల సొమ్మును వేరు సంచిలో నుంచుడు. ఇచ్చిన చోటనే చిన్న పుస్తకమున పద్దు వేయుడు. నిద్రించుటకు ముందు మిగిలిన రొక్కమును లెక్కించి పుస్తకముతో సరిచూడుడు. నేడు చేతిఫోనుతో సొమ్ము చెల్లించు కాలము వచ్చినది. ఎంత పోయినదో బ్యాంకువారు తెలుపుదురు గాని, ఏల పోయినదో, ఎవరి కొరకు పోయినదో వారు తెలుపజాలరు; దానిని మీరే వ్రాయవలెను. ఈ రాత్రి అయిదు నిమిషములలో ముగియు పని, వారము గడచిన పిమ్మట ఊహగా మారును. ఊహను నమ్మి సొమ్మడుగుటకు వాషింగ్టను వంటివాడే వెనుదీసెను.