సామర్లకోట డాక్టరు, నల్లమద్ది మాను, పగుళ్ళలోని చిన్న ప్రాణులు



చలికాలం సెలవులు రాగానే మీలో చాలామంది పిల్లల్ని తీసుకుని అరకు వెళ్తారు. బొర్రా గుహలు, కాఫీ తోటలు, అద్దాల రైలు పెట్టె అన్నీ చూస్తారు. ఈసారి వెళ్ళినప్పుడు దారిలో ఏదైనా పెద్ద చెట్టు దగ్గర పది నిమిషాలు ఆగండి. దాని బెరడు మొసలి వీపులా గళ్ళుగళ్ళుగా పగిలి ఉంటే అది నల్లమద్ది. తూర్పు కనుమల్లో మన గిరిజనులకు తరతరాలుగా తెలిసిన చెట్టు. పాత వృక్షశాస్త్ర గ్రంథాలు దాన్ని టెర్మినాలియా టొమెంటోసా అంటాయి. ఆ పేరు పక్కన బ్రాకెట్లో రాక్స్‌బ్ అని పొట్టిగా ఒక మనిషి పేరు కనిపిస్తుంది. ఈ నెల మహనీయుల పరిచయంలో ఆయన గురించే చెప్పుకుందాం.

డాక్టరు మొక్కల వెంట పడ్డారు

విలియం రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండ్‌లోని ఎయిర్‌షైర్‌లో పుట్టారు. ఎడిన్‌బరోలో వైద్యం చదివారు. ఆ రోజుల్లో మందులు ఎక్కువగా మొక్కల నుంచే వచ్చేవి కాబట్టి వైద్య విద్యార్థులు వృక్షశాస్త్రం కూడా నేర్చుకునేవారు. జాన్ హోప్ అనే గురువు దగ్గర ఆయనకు ఆ రుచి తగిలింది. తర్వాత ఓడల మీద వైద్యుడిగా తిరిగి, 1776లో మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వైద్య సర్వీసులో చేరారు. 1781లో ఆయనను సామర్లకోటకు పంపారు. ఇప్పుడు కాకినాడ జిల్లాలో ఉన్న మన సామర్లకోటే.

అక్కడ డాక్టరు ఉద్యోగం చేస్తూనే తోట పెంచారు. కాఫీ, మిరియాలు, దాల్చిన చెక్క, చెరకు వంటివి నాటి చూశారు. రోజుకు మూడుసార్లు వాతావరణం లెక్కలు రాసుకునేవారు. సామర్లకోటకు ఉత్తరాన ఉన్న కొండల్లో అడవి మిరియాల తీగ కనిపిస్తే దాన్ని తెచ్చి తోటలో పెంచారు. ఇవాళ అరకు కాఫీ తోటల్లో చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలను చూస్తే ఈ సంగతి గుర్తు చేసుకోండి. కంపెనీకి కావలసింది వ్యాపారం. ఆయన జీతం కూడా ఆ వ్యాపారం నుంచే వచ్చేది. ఈ మాట పిల్లలకు దాచకుండా చెప్పాలి.

అంతా పోయాక మళ్ళీ మొదలు

1787లో కోరంగి తీరాన్ని పెద్ద తుఫాను ముంచెత్తింది. ఆ వరదల్లో రాక్స్‌బర్గ్ పుస్తకాలు, కాగితాలు, ఏళ్ళ తరబడి ఎండబెట్టి దాచుకున్న మొక్కలు పోయాయి. ఆయన మళ్ళీ మొదటి ఆకు నుంచి మొదలుపెట్టారు. పరీక్షలో ఒక్కసారి మార్కులు తగ్గితే కుంగిపోయే పిల్లలకు ఈ ఒక్క విషయం చెప్పినా చాలు.

తర్వాత రెండేళ్ళకే, 1789 నుంచి 1792 వరకు, ఉత్తర సర్కారుల్లో ఘోరమైన కరువు వచ్చింది. జనం తిండి లేక చనిపోవడం ఆయన కళ్ళారా చూశారు. వర్షం లెక్కలు, మొక్కల పరిచయం రెండూ ఉన్న మనిషి కాబట్టి ఊరుకోలేకపోయారు. వానలు పోయినా కాసే కొబ్బరి, పనస, ఈత వంటి చెట్లను కాలవ గట్ల మీద విరివిగా నాటితే పేదలకు తిండి దొరుకుతుందని పైవాళ్ళకు రాశారు. మొక్కలంటే ఇష్టం ఉన్నవాడు మనుషులను మరిచిపోలేదు.

తెలుగు పేర్లు అడిగి రాసుకున్నారు

రాక్స్‌బర్గ్ పనిలో మూడు అలవాట్లు కనిపిస్తాయి. దగ్గరగా చూడటం, ఇక్కడివాళ్ళను పేరు అడగటం, బొమ్మ వేయించటం. మొక్క పక్కన దాని తెలుగు పేరు కూడా రాసేవారు. జ్వరానికి మందుగా పనికొస్తుందని ఆయన పరీక్షించిన సోమిద చెట్టు పేరు అలాగే లాటిన్‌లోకి వెళ్ళి ఒక చెట్ల ప్రజాతి పేరయింది. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర చెట్టును కూడా ఆయన వర్ణించారు. దాని ఆకుల నుంచి నీలి రంగు తీయవచ్చని చూపించారు. గిరిజనులు జిగురు తీసే తపసి చెట్టు ఆయన పుస్తకం మొదటి సంపుటంలోనే ఉంది.

ఆ పుస్తకం కోరమాండల్ తీరపు మొక్కల గురించి. 300 రంగు బొమ్మలతో మూడు సంపుటాలుగా 1795 నుంచి 1820 వరకు లండన్‌లో వెలువడింది. 1793లో ఆయన కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు అధిపతిగా వెళ్ళారు. అక్కడ పెరుగుతున్న సుమారు 3,500 రకాల మొక్కల జాబితా 1814లో అచ్చయింది. ఆరోగ్యం చెడి 1813లో భారతదేశం విడిచి, 1815లో ఎడిన్‌బరోలో కన్నుమూశారు. ఆయన పెద్ద గ్రంథం ఫ్లోరా ఇండికాను ఆయన పోయాక మిత్రుడు విలియం కేరీ శ్రీరాంపూర్‌లో అచ్చు వేయించారు. భారతీయ వృక్షశాస్త్ర పితామహుడని ఆయనకు పేరు వచ్చింది. ఆయన కోసం భారతీయ చిత్రకారులు 2,500కు పైగా బొమ్మలు వేశారు. కానీ ఆ చేతులు ఎవరివో, ఆకు తెంపి తెచ్చి పేరు చెప్పింది ఎవరో పుస్తకాల అట్టల మీద లేదు.

మద్ది మానులో నీళ్ళు

2024 మార్చిలో అల్లూరి సీతారామరాజు జిల్లా పాపికొండల జాతీయ ఉద్యానవనంలో ఒక వింత అందరి దృష్టికీ వచ్చింది. కొండరెడ్లు చెప్పిన మాట విని అటవీ అధికారులు ఒక నల్లమద్ది మాను మీద ఉబ్బిన చోట గాటు పెట్టారు. కుళాయి విప్పినట్టు నీళ్ళు దూకాయి. ఎండాకాలంలో ఆ చెట్టు నీరు దాచుకుంటుంది. ఆ నీటికి ఘాటు వాసన, పులుపు రుచి ఉంటాయి. మనకు వార్త అయిన ఆ విషయం కొండరెడ్లకు పాత సంగతే.

చెట్టు మాను లోపల నీరు నిలవటం ప్రపంచంలో చాలాచోట్ల కనిపిస్తుంది. దాని వెనుక తరచుగా ఉండేవి బ్యాక్టీరియా. చెట్టుకు గాటు పడినా, కొమ్మ విరిగినా, మంట తగిలినా, చలిదేశాల్లో మంచుకు మాను చీలినా ఆ పగులు వాటికి తలుపు. వాన నీటితో లోపలికి చేరి, తడి కర్రలో కాపురం పెడతాయి. ఉన్న కాస్త ప్రాణవాయువు అయిపోతే గాలి అక్కరలేని రకాలు పని మొదలుపెడతాయి. మన ఇంట్లో ఇడ్లీ పిండి పులిసినట్టే అక్కడా పులియటం జరుగుతుంది. ఆమ్లాలు, వాయువులు పుడతాయి. ఒత్తిడి పెరిగి, నురగతో కూడిన వాసన నీరు పగులు గుండా బయటికి కారుతుంది. మాను మీద పొడుగ్గా నల్లటి మరక కనిపించేది అందుకే. 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు బతికున్న చెట్ల లోపలి మీథేన్ వాయువుకు ఇలాంటి సూక్ష్మజీవులే కారణమని చూపించారు.

మరి ఇవి మంచివా, చెడ్డవా? రెండూ. గాలి లేని ఆ తడి కర్రలో, కర్రను కుళ్ళబెట్టే శిలీంధ్రాలు సులువుగా పెరగలేవు. ఆ మేరకు చెట్టుకు మేలే. ఇంకోవైపు కర్ర పొరల మధ్య పట్టు సడలుతుంది, కోసి ఎండబెడితే చీలుతుంది, కారే నీరు బెరడును పాడు చేస్తుంది. చెట్టుకు మన చర్మంలా గాయం మానదు. గాయం చుట్టూ గోడ కట్టుకుని, పైన కొత్త కర్ర పెంచుకుంటుంది. లోపలి గాయం జీవితాంతం అలాగే ఉంటుంది.

రాక్స్‌బర్గ్ కాలానికి ఇదంతా తెలియదు. పులియటానికి సూక్ష్మజీవులే కారణమని లూయీ పాశ్చర్ నిరూపించేసరికి ఆయన పోయి 40 ఏళ్ళు దాటింది. అయినా చెట్టుకు పేరు పెట్టి, రూపం గీయించి, వివరం రాసి ఉంచిన మనిషి ఉండబట్టే తర్వాతివాళ్ళు ఏ దేశంలో ఉన్నా ఒకే చెట్టు గురించి మాట్లాడుకోగలుగుతున్నారు.

మీరు, మీ పిల్లలు ఈ నెల చేయగలిగినవి

* ఇంటి దగ్గరో, స్కూలు దగ్గరో ఒక చెట్టును ఎంచుకోండి. పిల్లల చేత వారానికొకసారి బొమ్మ గీయించి తేదీ వేయించండి.
* దాని పేరు ముందు ఫోన్లో వెతకవద్దు. తాతయ్యనో, అమ్మమ్మనో, వాచ్‌మన్‌నో, తోటమాలినో అడగమనండి. చెప్పినవారి పేరు కూడా నోటుబుక్కులో రాయించండి. రాక్స్‌బర్గ్ పుస్తకాల్లో లేనిది మన పిల్లల పుస్తకంలో ఉండాలి.
* మాను మీద పగులు, మరక, కారే నీరు, చుట్టూ చేరే చీమలు, ఈగలు గమనించమనండి. ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి. ఆ నీరు తాగకూడదు.
* నీరు కారుతోందని చెట్టుకు రంధ్రం చేయకండి. అది సూక్ష్మజీవులకు ఇంకో తలుపు తెరవటమే.
* చెట్టుకు మేకులు కొట్టవద్దు, తీగతో బిగించి బోర్డులు కట్టవద్దు. అరకులో, మరెక్కడైనా మాను మీద పేర్లు చెక్కనివ్వకండి.

నల్లమద్దిలో నీరుందని విన్నవెంటనే మనసు గాటు పెట్టి చూడమంటుంది. అడవిలో దాహంతో ఉన్నవాడికి ఆ నీరు ప్రాణం. సెల్ఫీ కోసం పెట్టే గాటు మాత్రం చెట్టు జీవితాంతం మోసే గాయం. ఈ తేడా మీ పాపకో బాబుకో అర్థమయ్యేలా చెప్పగలిగితే, వృక్షశాస్త్రంలో మొదటి పాఠం మీరు ఇంట్లోనే చెప్పినట్టు.

పిల్లల చెట్టు నోటుబుక్కులను వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు తీసుకురండి. అందరం కలిసి చూద్దాం.