అన్న ఇచ్చిన షిల్లింగు

పొలంలో మోటారు స్విచ్చి వేస్తాం. బోదెలోకి నీళ్లు దూకుతాయి. ఆ మోటారును తిప్పే కరెంటు ఎక్కడో జనరేటరులో పుడుతుంది. అక్కడ కరెంటు పుట్టడానికీ, ఇక్కడ మోటారు తిరగడానికీ ఆధారమైన సూత్రాలను లోకానికి చూపిన మహనీయుడు మైకేల్ ఫారడే. ఆయన ఏ కాలేజీ గడపా తొక్కలేదు. మరి సైన్సు ఎక్కడ నేర్చుకున్నాడు? ఈ ప్రశ్నకు జవాబు ఆయన జీవితంలోనే ఉంది.

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ పక్కనున్న న్యూయింగ్టన్‌లో ఒక కమ్మరి ఇంట పుట్టాడు. తండ్రి జబ్బుమనిషి. కొలిమి దగ్గర సరిగ్గా పని చేయలేకపోయేవాడు. 1801లో గింజల ధర మండిపోయినప్పుడు ఈ కుర్రాడికి వారానికి ఒక్క రొట్టె ఇచ్చి సరిపెట్టారట. చదువంటే రాయడం, చదవడం, కాస్త లెక్కలు, అంతే. పదమూడో ఏట రీబో అనే ఆయన పుస్తకాల కొట్లో చిల్లర పనులకు చేరాడు. మరుసటి ఏడు అక్కడే బైండింగు పని నేర్చుకోవడానికి ఏడేళ్ల ఒప్పందం మీద కుదిరాడు.

బైండింగుకు వచ్చిన పుస్తకాలను కుట్టి ఊరుకోలేదు, చదివాడు. బ్రిటానికా విజ్ఞాన సర్వస్వంలో విద్యుత్తు గురించిన వ్యాసం, జేన్ మార్సెట్ అనే ఆవిడ రాసిన రసాయనశాస్త్ర పుస్తకం అతని బుర్రను పట్టుకున్నాయి. చేతిలో ఉన్న నాలుగు డబ్బులతో చిన్న చిన్న ప్రయోగాలు చేసి చూసుకునేవాడు.

1810లో జాన్ టేటమ్ అనే ఆయన తన ఇంట్లో సాయంత్రాలు సైన్సు ఉపన్యాసాలు ఇస్తున్నాడని తెలిసింది. ఒక్కొక్క ఉపన్యాసానికి ఒక షిల్లింగు రుసుము. అప్రెంటిసు కుర్రాడి దగ్గర షిల్లింగు ఎక్కడిది? అన్న రాబర్ట్ కమ్మరి పని చేసి సంపాదించిన దానిలోంచి ఇచ్చాడు. ఆ ఏడాదే తండ్రి పోయాడు. అలాంటి ఇంట్లోంచి వచ్చిన ఆ షిల్లింగు విలువ ఎంతో పల్లెటూరి పిల్లలమైన మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

1812లో దుకాణానికి వచ్చే డాన్స్ అనే పెద్దమనిషి రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు టిక్కెట్లు ఇచ్చాడు. ఫారడే నాలుగు ఉపన్యాసాలు విని, నోట్సు రాసి, బొమ్మలు వేసి, స్వయంగా బైండు చేసి డేవీకి పంపాడు. సుమారు 300 పేజీలు! కొన్నాళ్లకు అక్కడి సహాయకుణ్ణి ఏదో గొడవలో తీసేశారు. 1813 మార్చి 1న ఆ పని ఫారడేకు దొరికింది. జీతం వారానికి 25 షిల్లింగులు.

ఆ ఏడాదే ఆయన సిటీ ఫిలసాఫికల్ సొసైటీలో చేరాడు. పేరు పెద్దదే గానీ టేటమ్ ఇంట్లో నడిచిన చిన్న క్లబ్బు అది. ముప్పై నలభై మంది సభ్యులు, అందరూ సామాన్యులే. బుధవారం సాయంత్రం కలుసుకునేవారు. ఒక వారం తమలో తాము చర్చ. మరో వారం స్నేహితుల్ని పిలిచి వంతులవారీగా ఉపన్యాసం. వినేవాడు ఎప్పటికీ వినేవాడుగానే ఉండిపోవడానికి అక్కడ వీల్లేదు. ఏదో ఒకనాడు లేచి నిలబడాల్సిందే. 1816 జనవరిలో ఫారడే తన తొలి ఉపన్యాసం ఇచ్చింది ఆ గదిలోనే. తర్వాత కొందరు మిత్రులు కలిసి చదువుకుంటూ ఒకరి ఉచ్చారణ, వ్యాకరణం ఒకరు దిద్దుకునేవారు. భాష రాదని సిగ్గుపడి ఆగిపోలేదు.

ఆ తర్వాతి సంగతి మన ఫిజిక్సు పుస్తకాల్లో ఉంది. 1821లో కరెంటు పారే తీగ అయస్కాంతం చుట్టూ తిరిగేలా చేశాడు. 1831 ఆగస్టు 29న ఇనుప వలయానికి రెండు తీగచుట్టలు చుట్టి, ఒకదానికి బ్యాటరీ కలిపిన క్షణంలోనూ తీసిన క్షణంలోనూ రెండోదానికి కలిపిన సూది కదలడం గమనించాడు. అక్టోబరులో తీగచుట్టలోకి అయస్కాంతాన్ని దూర్చి తీసి కరెంటు పుట్టించాడు. గణితం ఆయనకు అంతంతమాత్రమే. ఆయన ఊహించిన బలరేఖలను తర్వాత మాక్స్‌వెల్ సమీకరణాల్లో పెట్టాడు.

ఇంత చేసినా తాను కూర్చున్న బల్లను ఫారడే మరిచిపోలేదు. చిన్నవాళ్ల కోసం రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1825లో క్రిస్మస్ ఉపన్యాసాలు మొదలయ్యాయి. 1827 నుంచి 1860 దాకా వాటిలో 19 వరసలు ఫారడేయే ఇచ్చాడు. అన్నిటిలోకీ పేరుపొందింది కొవ్వొత్తి గురించి చెప్పినది. మంట నడుమ నుంచి గాజు గొట్టంతో ఆవిరి పట్టి రెండో కొసన వెలిగించాడు. మండినప్పుడు నీరు పుడుతుందనీ, వచ్చే వాయువు సున్నపు తేటను తెల్లబరుస్తుందనీ, మన ఊపిరి కూడా ఆ పనే చేస్తుందనీ పిల్లల కళ్లముందే చూపాడు. ఖరీదైన పరికరం లేకపోయినా సైన్సు మొదలెట్టవచ్చని ఇంతకంటే ఎవరు చెప్తారు? రెండో ప్రపంచ యుద్ధకాలంలో కొన్నేళ్లు తప్ప ఆ ఉపన్యాసాలు నేటికీ సాగుతున్నాయి.

సర్ బిరుదు వద్దన్నాడు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవీ వద్దన్నాడు. 1867 ఆగస్టు 25న కన్నుమూశాడు. హైగేట్ శ్మశానంలో ఆడంబరం లేని సమాధి.

మిత్రులారా, ఇంటర్ అయ్యేదాకా నేను గాల్వనోమీటరును బీరువా అద్దంలోంచే చూశాను. ప్రయోగం అంటే రికార్డు పుస్తకంలో దింపడం అనుకునేవాణ్ణి. నిరుడు మన సైన్సు క్లబ్బులో మాట్లాడే వంతు వస్తే జ్వరమని చెప్పి తప్పించుకున్నాను. జ్వరం లేదు, భయం. మా నాన్న వడ్లమ్మి కట్టిన ఫీజు కూడా రాబర్ట్ ఇచ్చిన షిల్లింగు లాంటిదేనని ఇప్పుడు అర్థమవుతోంది. అన్న ఇచ్చిన షిల్లింగుకు ఫారడే లేచి నిలబడ్డాడు. ఈ ఏడు క్లబ్బులో నా వంతు వచ్చినప్పుడు నేనూ లేస్తాను. చేతిలో ఒక కొవ్వొత్తి, గ్లాసెడు సున్నపు తేట ఉంటాయి. మీరంతా రండి. ఆ తర్వాతి వంతు మీది.