చుక్కల రెక్కల దోమను పట్టిన రాస్

ఏటా ఆగస్టు 20న ప్రపంచ దోమల దినం జరుపుతారు. దోమకు కూడా ఒక రోజా అని నవ్వకండి. ఆ రోజు వెనకున్న మనిషి కథ చదవండి.

రోనాల్డ్ రాస్ 1857 మే 13న హిమాలయాల్లోని అల్మోరాలో పుట్టాడు. తండ్రి సైన్యంలో అధికారి. రాస్‌కు కవిత్వమంటే ఇష్టం. కానీ తండ్రి మాట కాదనలేక లండన్‌లో డాక్టరు చదువు చదివి, 1881లో మన దేశంలో సైనిక వైద్యుడుగా చేరాడు.

అంతకుముందు చలిజ్వరం చెడుగాలి వల్ల వస్తుందనుకునేవారు. 1880లో లావెరాన్ అనే డాక్టరు రోగి రక్తంలో మలేరియా క్రిమిని చూశాడు. అది ఒంట్లోకి ఎలా వస్తుందో తెలీదు. 1894లో లండన్‌లో మాన్సన్ అనే పెద్ద డాక్టరు, దోమల సంగతి చూడమని రాస్‌కు చెప్పాడు.

1895లో రాస్ సికింద్రాబాద్ వచ్చాడు. దోమల్ని పట్టడం, కోయడం, మైక్రోస్కోపులో చూడడం. ఇదే పని. ఎంత ఉక్కపోసినా పంకా లాగనిచ్చేవాడు కాదు, దోమలు ఎగిరిపోతాయని. నుదుటి చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. రెండేళ్ళయినా ఏమీ దొరకలేదు. ఎందుకంటే ఆయన కోస్తున్నవి వేరే జాతి దోమలు!

1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న దోమలు కొన్ని దొరికాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని వాటిచేత కుట్టించి, దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. ఆగస్టు 20న అలాంటి దోమ కడుపు గోడలో గుండ్రటి కణాలు, వాటిలో మలేరియా క్రిమికుండే నల్లటి పొడి కనిపించాయి. దొంగ దొరికింది!

1898లో కలకత్తాలో పక్షుల మీద పరీక్షలు చేసి, దోమకాటుతోనే మలేరియా పాకుతుందని చూపాడు. మనుషులకు తెచ్చేది అనాఫిలిస్ దోమేనని అదే ఏడు ఇటలీ శాస్త్రవేత్తలు రుజువు చేశారు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. 1932 సెప్టెంబరు 16న లండన్‌లో కన్నుమూశాడు.

చూశారా, దోమలన్నీ ఒకటి కావు. తోక పైకెత్తి ఏటవాలుగా వాలేది అనాఫిలిస్. గోడకు సమంగా వాలేది క్యూలెక్స్, బోదకాలు తెస్తుంది. నల్లటి ఒంటి మీద తెల్లచారలుంటే ఏడిస్, పగలు కుట్టి డెంగీ తెస్తుంది. ఫోటోలో చూసినా ముందు రెక్కలు, వాలిన తీరు చూడండి.

అనాఫిలిస్ కుట్టేది రాత్రిపూట. మన ఏజెన్సీలో చలిజ్వరానికి ఎన్ని ప్రాణాలు పోయాయో మన ఇళ్ళలో పెద్దల్నడిగితే చెబుతారు. మరి మనలో కొందరు దోమతెరను మడిచి తలగడ చేసుకుంటున్నారు! ఈ రాత్రినుంచి కట్టుకుందామా?