మొక్పో గాయని లీ నాన్‌యంగు

కొరియా దేశమునకు నైరుతి కొనయందు మొక్పో యను రేవుపట్టణము గలదు. 1910 వ సంవత్సరమున జపానువారు ఆ దేశమును తమ యేలుబడిలోనికి దీసికొనిన పిమ్మట, చుట్టుపట్ల సీమలలో పండిన బియ్యమును ప్రత్తియు ఈ రేవున ఓడల కెక్కి జపానునకు పోవుచుండెను. ఓడలు నిండుచుండినను ఊరిలోని బీదల కుండలు నిండలేదు. అట్టి యొక బీదయింట 1916 వ సంవత్సరము జూను 6 వ తేదీన పుట్టిన బాలికయే, తరువాత లీ నాన్‌యంగు అను రంగస్థల నామముతో కొరియా యంతట ప్రసిద్ధి కెక్కిన గాయని.

ఆమె ప్రాథమిక పాఠశాలలో చేరెను గాని, లేమిచేత ఆ చదువు నడుమనే నిలిచిపోయెను. తల్లి పొట్టకూటికై సముద్రము దాటి జేజు ద్వీపమునకు బోయి పరుల యింట పనికి గుదిరెను. బాలికయు తల్లి వెంటనే చేరెను. ఆ పిల్లకు ఆస్తి యన్నది కంఠ మొక్కటే. పదునాఱేండ్ల ప్రాయమున నామె ఊరూర దిరుగు నొక నాటక సమాజములో చేరెను. బడిలో నుండవలసిన పిల్ల రంగమున నిలిచినందుకు మనము నొచ్చుకొనవచ్చును. కాని బడి ఆమెను వదలిన పిమ్మట చేరదీసిన చోటు అదియే.

ఆ కాలపు కొరియా నాటక సమాజములలో బాలికలకు గల స్థాన మెట్టిదో యిచ్చట కొంచెము చెప్పవలయును. ఒక అంకము ముగిసి తెర వెనుక సామగ్రి మార్చుచుండగా ప్రేక్షకులు విసుగు చెందకుండ ఒక చిన్నది తెర ముందునకు వచ్చి పాట పాడెడిది. క్రమముగా జనులు నాటకముకంటె ఆ నడిమి పాటల కొఱకే ఎక్కువగా రాజొచ్చిరి. లీ ఏరిసు అను నామె తొమ్మిదేండ్లకే రంగ మెక్కి, సియోలులోని దన్‌సొంగ్సా నాటకశాలలో ఇట్టి నడిమి పాటతోనే పేరుపొందెను. ఆ పాట 1932 లో గ్రామఫోను పలకగా వెలువడి దేశమంతట మ్రోగినది. నాన్‌యంగు చేరినది ఆమె నడచిన దారినే.

1933 మొదలు నాన్‌యంగు పాటలు పలకలుగా వెలువడసాగెను. పిమ్మట ఓకే యను గ్రామఫోను కంపెనీవా రామెను తమ యొద్దకు దీసికొనిరి. ఆ దినములలో ఆ కంపెనీయు చొసన్ ఇల్బో యను వార్తాపత్రికయు గలసి, తమ తమ ఊళ్లను గూర్చి గీతములు వ్రాసి పంపుడని ప్రజలను గోరగా, మొక్పో యువకుడగు మున్ ఇల్‌సొక్ వ్రాసిన గీతము ఎన్నికయ్యెను. సన్ మొకిన్ దానికి స్వరము కూర్చెను. 1935 లో నాన్‌యంగు, పందొమ్మిదేండ్ల వయసున, దానిని పాడెను. అదియే మొక్పో కన్నీరు అను పాట.

పైకి జూడ నది రేవులో ప్రియుని సాగనంపిన యువతి దుఃఖము. అయితే అందు నోజొక్ శిఖరము పేరు గలదు. మొక్పోలోని యూదల్ కొండయొక్క ఆ శిఖరమును, పదునాఱవ శతాబ్దపు యుద్ధమున నౌకాసేనాని యీ సున్‌సిన్ గడ్డితో గప్పించి, జపాను సైనికులకు దానిని గొప్ప ధాన్యపు రాశివలె గనుపింపజేసి బెదరించె నని ఆ దేశపు జనులు చెప్పుకొందురు. ఆ పేరు వినినంతనే కొరియావారికి పాట యర్థము తెలిసినది. నాటి పగను సూచించు మాటలను పోలీసువారు పట్టుకొందురను భయమున, ధ్వని చెడకుండ అక్షరములు కొంచెము మార్చి అచ్చువేసిరి. అచ్చులో నొక యర్థము, చెవిలో నొక యర్థము! ముక్కుతో కొంచెము పలికెడి ఆమె సన్నని జాలిగొంతు ఆ రెంటిని ఒక్కటిగా నందించెను. పరపాలనలో బహిరంగముగ నేడ్వరాని జనులకు ఆ పాట యేడ్చుటకు దొరకిన సాకు.

ఆమె స్వరకర్తయు గాయకుడును అగు కిం హేసొంగును వివాహమాడెను. 1939 లో ఓకే కంపెనీవా రేర్పఱచిన జొగోరి సిస్టర్సు అను గాయనీబృందమున నామెయు నుండెను. 1945 లో జపాను పాలన ముగిసినంతట హేసొంగు కె.పి.కె. యను సంగీత నాటక సమాజమును నెలకొల్పి, అమెరికా సైనికుల యెదుటను ప్రదర్శనము లిచ్చుచుండెను. ఆ పనియే ఆయనకు ముప్పయ్యెను. 1950 జూనులో ఉత్తర కొరియా సేనలు సియోలును పట్టుకొని, ఆయనను బంధించి ఉత్తరమునకు గొనిపోయినవి. ఆయన మరల రాలేదు.

నాన్‌యంగునకు మిగిలినది ఏడుగురు బిడ్డలు. అప్పటికి దేశమున కూలి దొరకుట కష్టము, బియ్యము దొరకుట మఱింత కష్టము. ఆమె అమెరికా సైనికుల శిబిరములకు బోయి పాడెను. అది చాలక, తన కుమార్తెలు సుక్‌జా, ఆయ్‌జాలకును, అన్న కూతురు మిన్‌జాకును ఆంగ్లపు పాటలు నేర్పనారంభించెను. అప్పటికి ఆ బాలికలు పది పదుమూడేండ్ల వారు. ఆంగ్లము ఒక్క ముక్కయు ఎఱుగరు. పలకను మరల మరల పెట్టి, విన్నది విన్నట్లు పలికించి, అర్థము తెలియకయే వల్లె వేయించెను. చక్కగ పాడిన దినమున అరటిపండు ఇచ్చెదనని చెప్పెడిది. యుద్ధకాలపు కొరియాలో అరటిపండు అపురూపము. బహుమానము చూపి పాఠము చెప్పరాదని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలలో మాకు బోధింతురు. ఆ గురువులలో నెవ్వరును ఏడుగురు ఆకలి బిడ్డల నడుమ నిలిచి పాఠము చెప్పినవారు కారు.

సైనికులు పాటకు సొమ్మునకు బదులు విస్కీ బుడ్లును చాకొలెట్లును ఇచ్చెడివారు. ఆ బుడ్లను బజారులో మార్చి తల్లి బియ్యము తెచ్చెడిది. మిన్‌జా ఇంటిపేరు వేఱైనను, ముగ్గురును కిం సిస్టర్సు అను పేర శిబిరముల నన్నిట ప్రియులైరి. పాట యొక్కటే చాలదని యెంచి తల్లి వారిచే వాద్యములను గూడ సాధన చేయించెను. పిదప వారు పదికి మించిన వాద్యములను వాయింపగలిగిరి.

1959 లో వారికి అమెరికాలోని లాస్ వేగాసు పట్టణమున, థండర్‌బర్డు హోటలులో నాలుగు వారముల యొప్పందము దొరికెను. ఆ నాలుగు వారములు ముగియలేదనియే చెప్పవచ్చును. ఎడ్ సల్లివన్ అను నాతని సుప్రసిద్ధ టెలివిజను కార్యక్రమమున వారు ఇరువది పర్యాయములకు పైగా కనబడిరి; అమెరికాలోనే స్థిరపడిరి. కొందఱు కుమారులును తరువాత అచ్చటికే చేరి కిం బ్రదర్సు అనిపించుకొనిరి. బిడ్డల యాకలి తీర్చుటకు నేర్పిన విద్య బిడ్డలను సముద్రము దాటించెను. తల్లి సియోలులో నిలిచిపోయెను. రేవులో నిలిచి ఓడను సాగనంపిన స్త్రీ దుఃఖమును పందొమ్మిదేండ్లకు పాడిన నామె నలువది దాటిన పిదప దానిని తానే యనుభవించెను.

ఆ యేండ్లలో ఆమెకు తోడుగ నుండిన గాయకుడు నామ్ ఇన్‌సు క్షయవ్యాధి పీడితుడై 1962 లో మరణించెను. పిమ్మట నాన్‌యంగు అమెరికాకు బోయి, సల్లివన్ కార్యక్రమమున కూతుండ్ర ప్రక్కనే నిలిచి పాడెను. కొంతకాలమున కామె మరల స్వదేశమునకు వచ్చి, 1965 ఏప్రిలు 11 వ తేదీన సియోలులో మరణించెను. అప్పటికి వయస్సు నలువదియెనిమిదేండ్లు.

1969 లో యూదల్ కొండపై ఆ పాట పేర నొక శిలాస్మారకము నెలకొల్పబడెను. సియోలునకు ఉత్తరమున పాజూలో పూడ్చబడియుండిన ఆమె యవశేషములను 2006 లో మొక్పోకు దెచ్చి, సామ్‌హక్ దీవియందు ఒక చెట్టు మొదట నుంచిరి. ఆ దీవి పేరు ఆమె పాటలోనే గలదు.